ఏడుసార్లు దాటిన వాగు

మా కాలనీ పార్కులో పొద్దున్నే నడిచేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. డాక్టరు చెప్పాడని నడుస్తారు, ఎన్ని అడుగులు పడ్డాయో చేతి గడియారం చెప్పాక తృప్తిపడి ఇంటికి పోతారు. ఆ రోజుల్లో మమ్మల్ని నడవమని ఎవరూ చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. నందిగామ సంతకి నడక, జగ్గయ్యపేటలో బట్టలకి నడక, చుట్టాల ఇంటికి నడక, అలిగి పుట్టింటికి పోవాలన్నా నడకే. (సగం దూరం నడిచేసరికి అలక తీరిపోయి వెనక్కి వచ్చేసిన ఆడవాళ్ళు నాకు తెలుసు.) కంచికచర్ల దాకా బస్సులో వెళ్ళొచ్చిన మనిషి దొరికితే చుట్టూ చేరి బస్సు కబుర్లు అడిగేవాళ్ళం. అంత నడిచిన నా కాళ్ళు ఒక్కరోజు నడకని మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ రోజు నేను ఒకే వాగుని, ఒకే రేవులో, ఒకే దిక్కుకి ఏడుసార్లు దాటాను. వెళ్ళింది మాత్రం ఎక్కడికీ లేదు.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. యాభైల చివరి సంవత్సరాలు. ట్రైనింగు పూర్తి చేసుకుని, నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య మెరక పొలాల్లో ఉన్న ఒక ఊరి బడికి టీచరుగా వెళ్ళి ఏడాది అయింది. (ఊరి పేరు చెప్పను. మేం చేసిన పని అలాంటిది.) వాగుకి ఇవతల ఊరు, బడి, నందిగామ వెళ్ళే బండిబాట. అవతల మా క్రైస్తవుల పల్లె, మిరప చేలు, జగ్గయ్యపేట వెళ్ళే బాట. ఎండాకాలంలో ఆ వాగుని చూస్తే, దీన్నా వీళ్ళందరూ ఇంతగా తిట్టుకునేది అనిపిస్తుంది. చీలమండ కూడా తడవదు. శ్రావణం వచ్చిందంటే మాత్రం బండిని ఎద్దులతో సహా దొర్లించుకుపోతుంది. నీళ్ళు రాగానే పల్లె పిల్లలు బడికి రావడం ఆగిపోయేది. నేను హాజరు పట్టీలో వాళ్ళ పేర్ల ఎదురుగా గైరుహాజరుకి 'గై', 'గై' అని రాసుకుంటూ కూర్చునేదాన్ని. కార్తీకం వెళ్ళాక వాళ్ళు మళ్ళీ వచ్చేసరికి నేర్చుకున్నదంతా మరిచిపోయి ఉండేవాళ్ళు. మళ్ళీ అ ఆల దగ్గర మొదలు.

ఆ పిల్లల్లో ఒకమ్మాయికి ఊరంతా కలిసి పెట్టిన పేరు 'మూడో తరగతి'. పదకొండేళ్ళది. మూడేళ్ళుగా మూడో తరగతే చదువుతోంది. మొద్దు పిల్ల అనుకునేరు, కాదు. ఎక్కం ఒక్కసారి వింటే అప్పజెప్పేది. ఏటా వానలొచ్చి నాలుగైదు నెలలు మింగేసేవి, పరీక్షలో కొట్టుకుపోయేది, అంతే. ఆ ఏడు బడి తెరవగానే వాళ్ళ నాన్న వచ్చి, "టీచరమ్మా, ఈ ఏడు గూడా ఇంతే అయితే మిరప కోతకి పంపిస్తా. అక్కడన్నా పై తరగతికి పోద్దేమో" అన్నాడు. హాస్యానికే అన్నాడు గానీ ఆయన నవ్వలేదు. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది. టీచరు ఏదో ఒకటి చేస్తుంది అన్న నమ్మకం ఆ చూపులో ఉంది. ఇరవై ఏళ్ళ టీచరుకి అంతకన్నా భయపెట్టే చూపు ఇంకోటి ఉండదు.

ఏం చెయ్యగలను? పంచాయతీ ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన పెద్ద రైతు, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, మంచివాడే. వాగు మీద చప్టా కావాలని ఆయన పెట్టుకున్న అర్జీలు అప్పటికే ఒక కట్టంత ఉన్నాయి. చివరికి ఒకదానికి జవాబొచ్చింది. ఫలానా రోజున ఓవర్సీయరు వచ్చి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రేవులో కూర్చుని, వాగు దాటేవాళ్ళని లెక్కపెడతాడట. తగినంత రాకపోకలు ఉంటేనే చప్టా సంగతి ఆలోచిస్తారట. తీరా చూస్తే అది సంత లేని రోజు. చేలల్లో పని లేని రోజు. ప్రెసిడెంటు గారు నీరసంగా, "ఆ రోజు వాగు దాటేది నా గేదొక్కటేనమ్మా. అది కూడా తిక్క పుడితేనే" అన్నారు.

అప్పుడు అరుగు చివర కూర్చుని చుట్ట కాలుస్తున్న వేషాల తాత గొంతు సవరించుకున్నాడు. తాత వయసులో ఉన్నప్పుడు పగటి వేషాల జట్టుతో ఊరూరా తిరిగినవాడు. రోజుకో వేషం కట్టి, పట్టపగలు వీధి వీధీ నడుస్తూ, ఇంటింటి ముందూ ఆగి ఆడేవాళ్ళు. జట్టు చెదిరిపోయాక మా ఊళ్ళో స్థిరపడ్డాడు. "గేదె దాకా ఎందుకు ప్రెసిడెంటు గారూ, ఊళ్ళో ఇంతమంది జనం పెట్టుకుని? ఓ మనిషి ఒక్కసారే దాటాలని చట్టం ఉందా? వేషం మార్చి దాటితే వాడు ఇంకో మనిషే గదా?" అన్నాడు. "అందరికీ వేషం కట్టడం రావద్దూ తాతా?" అన్నాను నేను. తాత నా వైపు జాలిగా చూశాడు. "పగటి వేషంలో చూసేవాడంటూ ఉండడమ్మా. పోలీసు వేషం గుమ్మంలోకొస్తే ఇంటాయన దొంగయిపోవాల్సిందే. భలే దొంగలయ్యేవాళ్ళు పెద్ద పెద్దోళ్ళు. జనానికి రాని వేషం లేదు, కట్టమని అడిగేవాడు ఉండాలంతే."

మోసం అనే మాట నాకు తోచకపోలేదు. ఆదివారం ఆదివారం గుడికి వెళ్ళే పిల్లని. కానీ గుమ్మంలో నిలబడ్డ ఆ మూడో తరగతి చూపు గుర్తొచ్చి, ఆ మాటని మింగేశాను. తాత దారి కూడా గీశాడు. రేవులో దాటాలి, అవతలి గట్టునే మలుపు దాకా నడవాలి, అక్కడ తుమ్మ పొదల చాటున మళ్ళీ ఇవతలికి దాటి, ఊరి వెనకగా వచ్చి, వేషం మార్చుకుని మళ్ళీ రేవుకి రావాలి. ఒక్కటే షరతు. "వాగంటే గంగమ్మ తల్లి. ఆ తల్లిని కుడిచేతికి ఉంచుకుని ప్రదక్షిణంగా తిరగాలి. వేషం కట్టినోళ్ళు ఎడంగా తిరిగితే ఊరికి కీడు. మా గురువు గారి ఆన." మా పల్లెవాళ్ళకి ప్రదక్షిణలతో పని లేదు గానీ, పెద్దాయన మాట కాదనడం ఎందుకని వాళ్ళూ సరేనన్నారు. ఆ షరతు ఏం తెచ్చిపెడుతుందో మాలో ఒక్కరికీ తట్టలేదు. లెక్కలు చెప్పే టీచరుని, నాకైనా తట్టాలి.

ఆ రోజు వచ్చింది. ఓవర్సీయరు గారు సైకిలు మీద వచ్చారు. పాతికేళ్ళు కూడా ఉండవు, సన్నగా, కళ్ళజోడుతో, నాలాగే కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి. రేవు పక్కన కుర్చీ వేయించుకుని, నల్ల అట్ట పుస్తకం తెరిచి, 'పోవువారు', 'వచ్చువారు' అని రెండు గళ్ళు గీసుకున్నారు. మేం మొదలుపెట్టాం. ముందు నేను గొడుగు వేసుకుని టీచరు వేషంలో దాటాను. (అది వేషం కాదు గానీ, ఆ రోజు అన్నీ వేషాల్లాగే అనిపించాయి.) నా వెనక పెళ్ళివారు, బాజాలతో. వాళ్ళ వెనక పసుపు బట్టల భక్తులు. ఆ తరవాత ఎద్దుల బేరగాళ్ళు, మలారం భుజాన వేసుకున్న గాజులమ్మే మనిషి, సోది చెప్పే ఆవిడ. పల్లెవాళ్ళు కంజీరలు పట్టుకుని క్రిస్మస్ పాటలు పాడుతూ దాటారు. ఓవర్సీయరు గారు తలెత్తి, "క్రిస్మస్ ఇంకా ఆరు నెలలుంది కదండీ?" అన్నారు. సంఘపెద్ద గంభీరంగా, "ముందు నుంచే సాధన చేసుకోకపోతే గొంతులు కలవవండీ" అని సాగిపోయాడు. ఇంతలో తాత పోలీసు వేషంలో దిగాడు. లాఠీ ఊపుతూ, "ఎవర్రా నువ్వు? రేవులో కూర్చుని ఆడోళ్ళని లెక్కపెడుతున్నావంట?" అని గద్దించాడు. తాత అంతా పాడుచేశాడనుకున్నాం. ఓవర్సీయరు గారు లేచి చేతులు కట్టుకుని, "తప్పయిపోయిందండి, ఇదే మొదటిసారి. ఈసారికి వదిలెయ్యండి" అన్నారు. పాపం ఎంత అమాయకుడో అనుకుని పొదల చాటున పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

నేను రెండోసారి పెళ్ళికూతురి ఆడపడుచుని. మూడోసారి నర్సమ్మని. నాలుగోసారి కాషాయం కట్టిన సన్యాసినిని. అయిదోసారికి నాకు అనుమానం వచ్చింది, నేనెవర్నో నాకే సరిగ్గా గుర్తుందా అని. నాలాగే అందరూ. ఇంటి గడప దాటని కోడళ్ళు కూడా కొంగు నడుముకి దోపుకుని వాగులో దిగారు. వాళ్ళలో చాలామంది అవతలి గట్టు మీద కాలు పెట్టడం అదే మొదటిసారి. పల్లె ఆడవాళ్ళు వాళ్ళకి చెయ్యి అందించి గట్టెక్కించారు. పెళ్ళివారి గుంపుకి మనుషులు చాలకపోతే పల్లెవాళ్ళు పెళ్ళివారయ్యారు. పాటలకి గొంతులు చాలకపోతే ఊరివాళ్ళు కంజీర పట్టుకున్నారు. ఎవరు ఎవరో తెలియకుండా పోయింది. చప్టా సంగతి ఒక్క నిమిషం మరిచిపోయానని ఒప్పుకోవాలి.

సరిగ్గా మధ్యాహ్నానికి ఓవర్సీయరు గారు ప్రెసిడెంటు గారి కోసం కబురు పంపారు. "చిన్న సందేహమండి. పొద్దుటి నుంచి జనం అంతా జగ్గయ్యపేట వైపే పోతున్నారు. ఒక్కరూ తిరిగి రావడం లేదు. అక్కడేమైనా ఇబ్బందా?" పుస్తకం చూపించారు. 'పోవువారు' గడి నిండి పక్క పేజీలోకి వెళ్ళింది. 'వచ్చువారు' గడి తెల్లగా ఉంది. ప్రెసిడెంటు గారు, "సాయంత్రానికి వస్తారండీ, అలవాటే" అని గొణిగి, పరుగులాంటి నడకతో తాత దగ్గరికొచ్చారు. "ఏం ప్రదక్షిణం పెట్టావయ్యా! రెండో వైపు కూడా తిప్పు." తాత ససేమిరా అన్నాడు. గురువు గారి ఆన. లాఠీ చంకలో పెట్టుకుని, "ఎడంగా తిరగదగ్గ వేషం ఒక్కటే ఉంది. శవం" అన్నాడు.

శవం ఎవరు? పాడె మీద పడుకుంటే నడిచే పని లేదు కాబట్టి, మోకాళ్ళ నొప్పుల ప్రెసిడెంటు గారే సరిపోతారని తేలింది. ఆయన కూడా పెద్దగా అడ్డు చెప్పలేదు. మలుపు దగ్గర అవతలికి దాటించి, మొహం మీద గుడ్డ కప్పి, పూలు చల్లారు. తీరా మోసేవాళ్ళని వెతికితే, అవతలి గట్టున అప్పటికి ఉన్నది పల్లెవాళ్ళు నలుగురే. ఊరివాళ్ళంతా చుట్టు తిరిగి ఇవతలికి వచ్చేసి వేషాలు మార్చుకుంటున్నారు. ఆగడానికి వీల్లేదు. ఆ నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, వంగి, పాడె భుజాలకెత్తుకున్నారు. వాళ్ళలో మూడో తరగతి వాళ్ళ నాన్న ఒకడు. ఆ రోజుల్లో అదెంత పెద్ద విషయమో ఇప్పటివాళ్ళకి చెప్పడం కష్టం. బతికి ఉండగా ఆయన ఇంటి అరుగు ఎక్కని మనుషులు, చచ్చిన వేషంలో ఉన్న ఆయన్ని భుజాన మోస్తున్నారు. గట్టు మీద నవ్వులు ఆగిపోయాయి. పాడె మీద ప్రెసిడెంటు గారు కొంచెం కదిలారు. లేస్తారేమో, అంతా అయిపోయింది అనుకున్నాను. ఇవతలి గట్టు మీద నిలబడి ఉన్న ఆయన తల్లి, ఎనభై ఏళ్ళ పెద్దావిడ, గట్టిగా కేకేసింది. "కదలకురా! వాళ్ళ భుజాలు నొప్పెడతాయి!"

ఎవరూ నవ్వలేదు. ప్రెసిడెంటు గారు మళ్ళీ కదల్లేదు. ఓవర్సీయరు గారు కుర్చీలోంచి లేచి, పాడె దాటిపోయేదాకా చేతులు జోడించి నిలబడ్డారు. నేను ఆరోసారి దాటి, ఏడోసారి తలపాగా చుట్టుకుని, బొగ్గుతో మీసం దిద్దుకుని, పొన్నుకర్రతో రేవులోకి దిగుతుంటే ఆయన పుస్తకం మూసేశారు. "టీచరు గారూ, కూర్చోండి. ఇది మీకు ఏడోసారి. వేషాలు మారాయి గానీ, నీళ్ళలో దిగేముందు చెప్పులు విప్పి చేత్తో పట్టుకునే మనిషి మీ ఊళ్ళో మీరొక్కరే." నేను మీసంతో సహా బిక్కచచ్చిపోయాను. "మీకు ఎప్పుడు తెలిసిందండీ?" అన్నాను. "పోలీసు వచ్చినప్పుడు. మా అమ్మమ్మ వాళ్ళది ముక్త్యాల. పోలీసు వేషం వస్తే దొంగవ్వాలని చిన్నప్పుడే నేర్పారండి" అన్నారు ఆయన. నవ్వుతూనే అన్నారు. తరవాత నవ్వు ఆపి, "కానీ ఇది నేను రాయలేనండి. నా ఉద్యోగం సంగతి పక్కన పెట్టండి, రేపు మీ చప్టానే తప్పుడు లెక్క అని కొట్టేస్తారు" అన్నారు.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మీసం ఉందన్న సంగతి మరిచిపోయి గట్టిగా అరిచాను. "అయితే మీ లెక్కలో వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళే ఉంటారా? రాలేనివాళ్ళని ఎవరు లెక్కపెడతారండీ?" బడికి పరుగెత్తి హాజరు పట్టీలు తెచ్చి ఆయన ముందు పడేశాను. మూడేళ్ళవి, నాకు ముందున్న టీచర్లు రాసినవి కూడా. ఆయన ఒక్కొక్క పేజీ తిప్పారు. వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళారు. నెలల తరబడి వరసగా 'గై', 'గై', 'గై'. ఒక పేరు దగ్గర ఆగి, "ఈ అమ్మాయి మూడు పట్టీల్లోనూ మూడో తరగతిలోనే ఉందేమిటండీ?" అని అడిగారు. చెప్పాను. ఆయన పట్టీలు పక్కన పెట్టారు. తరవాత స్కేలు తీసి, తన పుస్తకంలో మూడో గడి గీశారు. దాని మీద 'రాలేనివారు' అని రాశారు. ఆ అక్షరాలు నిదానంగా, బడిపిల్లాడు కాపీ రాసినట్టు రాశారు. నాకు ఆ మనిషి మీద కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

"ఇప్పుడు ఒక్కసారి, వేషాలు తీసేసి అందరూ నడవండి. ఎంతమందైతే అంతమందే. అది నేను రాస్తాను" అన్నారు. తాత దండోరా వేశాడు. మొహాలు కడుక్కుని, కడుక్కోక, అందరూ వచ్చారు. ఊరివాళ్ళతో కలిసి నేను అటు (ఆగిపోయిన ఏడోసారి అలా పూర్తయింది), పల్లెవాళ్ళు ఇటు, ఈసారి ఎవరి దారిలో వాళ్ళు, మధ్యలో ఎదురుపడి తప్పుకుంటూ నడిచారు. పాటల్లేవు, బాజాల్లేవు. నీళ్ళలో అడుగుల చప్పుడు మాత్రం వినబడింది. అన్ని వేషాలు చూసిన కళ్ళతో చూస్తే, ఆ మామూలు మొహాలే నాకు అద్భుతంగా కనబడ్డాయి. ఇంతమందిమి ఉన్నామా అనిపించింది. ఓవర్సీయరు గారి లెక్కకి మాత్రం మేం చాలలేదు. చాలలేదని ఆయన దాచకుండా చెప్పారు. మూడో గడి చూపించి పైవాళ్ళతో వాదిస్తానని సైకిలెక్కి వెళ్ళిపోయారు. (ఆదివారం నేను పాస్టరు గారి దగ్గర తప్పు ఒప్పుకోబోతే, ఆయన తల గోక్కుని, "నేను నాలుగుసార్లు దాటానమ్మా, ముందు నా సంగతి చూసుకోనీ" అన్నారు.)

చప్టా వచ్చిన మాట నిజం. మూడు ఎండాకాలాల తరవాత వచ్చింది. కానీ ఆ ఏడు మాకొచ్చింది 'పరిశీలనలో ఉన్నది' అన్న ఒక్క వాక్యం ఉత్తరం. ఆ ఉత్తరం చదువుకుని నేను రెండు రోజులు సరిగ్గా తిండి తినలేదు. శ్రావణంలో వాగు వచ్చింది. నడుం లోతు నీళ్ళని ఎవరో చెప్పారు. బడికి వెళ్ళి, హాజరు పట్టీ తెరిచి, కలం తీసుకుని పల్లె పిల్లల పేర్ల దగ్గర ఆగాను. రాయబుద్ధి కాలేదు. అప్పుడు రేవు వైపు నుంచి కేకలు వినబడ్డాయి. ఎవరో కొట్టుకుపోయారనుకుని చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

ఒక గట్టు నుంచి ఇంకో గట్టు దాకా మనుషులు వరసగా నీళ్ళలో నిలబడి ఉన్నారు. ఊరివాడు ఒకడు, పల్లెవాడు ఒకడు, చేతికి చెయ్యి అందేటంత దగ్గరగా. వాళ్ళకి అలా నిలబడమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. వేషాల తాత గట్టు మీద నిలబడి, "కాళ్ళు పాతుకోండ్రా" అని అరుస్తున్నాడు. వాగు నడిమధ్య, మోకాళ్ళ నొప్పుల మనిషి, మా ప్రెసిడెంటు గారు. అవతలి నుంచి పిల్లల్ని ఒక్కొక్కరినే ఎత్తి చేతుల మీదుగా అందిస్తున్నారు. మూడో తరగతి వాళ్ళ నాన్న చేతుల్లోంచి ఆ పిల్ల ప్రెసిడెంటు గారి చేతుల్లోకి వచ్చింది. ఆయన చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి, అక్కణ్ణించి గట్టు మీదికి, నా ముందుకి. పలక నెత్తిన పెట్టుకుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది. దించి నాకు చూపించింది. రాత్రి రాసుకున్న ఎక్కం చెక్కుచెదరలేదు.

"ఏడుస్తున్నారా టీచరమ్మా?" అంది. "వాన నీళ్ళే" అన్నాను. వాన అప్పటికి గంట కిందటే వెలిసింది. అప్పటి నాలోని ఇరవై ఏళ్ళ పిల్ల, టీచరు కదా, పిల్లల ముందు ఏడవకూడదు అనుకుంది. అంత పెద్ద సంగతి కళ్ళ ముందు జరుగుతుంటే, చూసి హాయిగా ఏడవచ్చని దానికి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆ ఇరవై ఏళ్ళ పిల్ల ఎదురైతే నేను చెబుదును.